పితికిపప్పు రాయబారం

నేను శాంతి ఉద్యమంలో చేరడానికి కారణం ఒక అట్టముక్క. ఫ్రిజ్ వచ్చిన పెట్టెను కోసి, దాని మీద తెల్ల కాగితం అంటించి, నీలం రంగుతో "యుద్ధం వద్దు" అని రాయించింది మా పెద్దమ్మ. పట్టుకుంటే మోకాళ్ల నుంచి నెత్తి దాకా వస్తుంది. దాని వెనక ఉన్నది నేనేనని చెప్పులు చూసి గుర్తుపట్టాల్సిందే. బస్సులో నా స్టాపు వచ్చిందని చెప్పలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చే రకం మనిషిని నేను. అలాంటిదాన్ని మదనపల్లె నడిబజారులో గంటసేపు నిలబడగలిగానంటే అదంతా ఆ అట్ట చలవే. ప్రపంచం సంగతి ఏమోగానీ, దాని వెనక నాకు మాత్రం చాలా ప్రశాంతంగా ఉండేది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అప్పుడు నేను డ్యూటీలో ఉంటి" అంటుంది. మా అమ్మావాళ్లుండే బైరెడ్డిపల్లెలో ఇంటర్నెట్ సరిగ్గా రాదు. నాది ఇంట్లో కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దే పని. అందుకని మదనపల్లెలో పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. పగలు ఇతరుల వాక్యాలు దిద్దుతాను. సాయంత్రం డైరీలో నావి రాసుకుంటాను, వాటిని ఎవరూ దిద్దరు.

యుద్ధాల గురించి పెద్దమ్మకు పెద్ద సిద్ధాంతమేమీ లేదు. "కోసేదానికి ఎంతసేపు పడతాది, కుట్టేదానికి ఎంతసేపు పడతాది? అంతే పాపా నా రాజకీయం" అంటుంది. కాకపోతే ఒక నియమం ఉంది. గంట నిలబడితే రెండు గంటలు తినాలి.

"కడుపు మాడినోడు శాంతి అంటే ఎవురూ నమ్మరు. వాని మొగం సూస్తేనే కొట్లాటకొచ్చినట్టుంటాది."

అందుకని మా ఉద్యమం ఆదివారానికి ఒక ఊరుగా, ఒక ఊరికి ఒక వంటగా నడిచేది. మదనపల్లెలో నిలబడిన రోజు ఎర్రకారం దోసెలు. కుప్పంలో నిలబడిన రోజు అమ్మకూ పెద్దమ్మకూ తమ్ముడు, అంటే మా కుప్పం మామ, స్టేషన్ దగ్గర తమిళ సాంబారు పోసిన ఇడ్లీలు తినిపించేవాడు. పుంగనూరులో నిలబడిన రోజు మాత్రం హోటలు మాటే లేదు. నేరుగా పుంగనూరత్త ఇంటికే.

పుంగనూరత్త మాకు చుట్టం కాదు. పెద్దమ్మతోపాటు నర్సింగులో చేరి, మొదటిసారి రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయి, చదువు మానేసి పెళ్లి చేసుకున్న మనిషి. స్నేహం మాత్రం మానలేదు. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, సైన్యంలో ఉన్నాడు. ఆమె ఎప్పుడూ అట్ట పట్టుకోలేదు. మేము జంక్షన్లో నిలబడితే, వెనక మూసి ఉన్న అంగడి మెట్ల మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "ఇంగ పది నిమిషాలుండాది మే, సరిగా నిలబడు" అని పెద్దమ్మను గదమాయించేది. దారిన పోయేవాళ్లు ఏదైనా అంటే మా తరఫున జవాబు చెప్పేది కూడా ఆమే. "ఈల్లకి పనిలేదాక్కా?" అని ఒకాయన అడిగితే, "పనుండేవాళ్ళు యుద్ధాలు చేస్తాండారు కదప్పా, పనిలేనోళ్ళు ఆపాల" అంది. అంత మంచి జవాబు మా ఉద్యమంలో ఇంకెవరూ ఇవ్వలేదు. అయినా ఆమె తనను ఉద్యమంలో కలుపుకోనిచ్చేది కాదు. "నేను కూడు తెచ్చేదాన్ని" అనేది.

ఇక వైన్ సంగతి. ఆస్పత్రిలో తోటి నర్సుల ఇళ్లలో క్రిస్మస్ పండక్కి ఒక గ్లాసు తాగి, అది బాగుందని పెద్దమ్మ గుర్తుపెట్టుకుంది. రిటైరయ్యాక ఒకరోజు తనకు తానే పార్టీ ఇచ్చుకోవాలనుకుని, నన్ను వెంటబెట్టుకుని "వైన్స్" అని బోర్డున్న దుకాణానికి వెళ్లింది. నేను రోడ్డుకు అవతల గొడుగు వేసుకుని నిలబడ్డాను. వాన లేదు, ఎండా లేదు. అయినా ఆమె గొంతు నాకు వినబడుతూనే ఉంది.

"అప్పా, వైన్ ఉండాదా?"

"లేదు మా. ఇది వైన్స్ షాపు. ఈడ వైన్ దొరకదు."

"అయితే బోర్డు మీద వైన్స్ అని యాల రాసినారు?"

"అది పేరు మా. శాంతినగర్లో శాంతి ఉండాదా?"

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చి కుప్పం మామకు ఫోన్ చేసింది. మామ కూరగాయల వ్యాపారి. రైల్లో బెంగళూరుకు పోయి వస్తుంటాడు. అటువైపు ద్రాక్షతోటల్లో వైన్ తయారుచేసే చోట్లు ఉన్నాయనీ, వెళ్తే రుచి చూపిస్తారనీ ఆయనే చెప్పాడు. అట్లా ఒక ఆదివారం, కుప్పంలో గంట నిలబడ్డాక, పుంగనూరత్తతో కలిపి నలుగురం రైలెక్కాం.

నాకు సరిహద్దు చూడాలని ఉండేది. పుస్తకాల్లో సరిహద్దు అంటే ముళ్లకంచె, సెర్చిలైట్లు. కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. రాతిగుట్టలు పోయాయి, మళ్లీ రాతిగుట్టలు వచ్చాయి. టమాటా తోటలు పోయాయి, మళ్లీ టమాటా తోటలు వచ్చాయి. చూస్తుండగానే స్టేషన్ బోర్డు మీద కన్నడం కనిపించింది.

"మామా, సరిహద్దు యాడ?"

"అది ఎప్పుడో పొయ్యిందమ్మా. ఆ పల్లీలమ్మే ఆయమ్మ ఎక్కింది సూడు, ఆడ."

"సరిహద్దంటే ఇట్లుండాల" అంది పెద్దమ్మ. "దాటినట్టు ఎవురికీ తెలియకూడదు."

"తెలియకపోతే పల్లీలెట్ల కొంటావు మే?" అంది పుంగనూరత్త, అప్పటికే పొట్లం విప్పి.

ద్రాక్షతోటలో ఒక కుర్రాయన మాకు పొడుగుకాడ గ్లాసుల్లో ఒక్కో గుక్క పోసి, గ్లాసు తిప్పమన్నాడు, వాసన చూడమన్నాడు, నోట్లో పోసుకుని పుక్కిలించి, కావాలంటే పక్కనున్న చెంబులో ఉమ్మేయమన్నాడు. అక్కడికే వచ్చిన బెంగళూరు వాళ్లు ఇంగ్లీషులో పండ్ల పేర్లు, చెక్కల పేర్లు చెబుతున్నారు. పుంగనూరత్త కళ్లు మూసుకుని దీర్ఘంగా వాసన పీల్చింది.

"చింతకాయ తొక్కు. పోయినేడు ఊరేసింది."

ఆ కుర్రాయన కూడా వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "అవును ఆంటీ" అన్నాడు. పుంగనూరత్త చెంబు వైపు ఒకసారి, పెద్దమ్మ వైపు ఒకసారి చూసి, "ఉమ్మేదానికా మే ఇంత దూరం రైల్లో వచ్చింది?" అని మింగేసింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయారు. సరిహద్దు ఈసారీ కనబడలేదు.

ఇదంతా ఆ ఎండాకాలానికి ముందు.

ఆ ఎండాకాలంలో టీవీ పెడితే యుద్ధం తప్ప ఇంకో మాట లేదు. స్టూడియోల్లో కూర్చున్నవాళ్లు చెయ్యి ఊపుతూ ఊళ్లకు ఊళ్లు పట్టుకుంటున్నారు. పుంగనూరత్త కొడుకు ఫోన్ పలకడం మానేసింది. మేము ఆమెకు ఫోన్ చేస్తే, "లైన్ ఖాళీగా పెట్టండమ్మా, వాడు చేస్తాడేమో" అని పెట్టేసేది. ఆ ఆదివారం పెద్దమ్మ పుంగనూరులోనే నిలబడాలంది. "దానికి తోడుగా ఉన్నట్టుంటాది" అంది. నేను అట్ట పట్టుకున్నాను.

కాసేపటికి పుంగనూరత్త వచ్చింది. చేతిలో క్యారియర్ లేదు. నేను అట్ట వెనకే ఉన్నాను, ఆమె ముఖం చూడలేదు, గొంతు మాత్రం విన్నాను.

"ఏమ్మే. ఆ అట్ట మీద ఏం రాసిపెట్టినావు?"

"ఎప్పుడూ ఉండేదే కదమే."

"సదువు."

"యుద్ధం వద్దు."

"నా కొడుకు ఆడ ఉండాడు. ఊరంతా వాడు బాగుండాలని మొక్కుకుంటాండాది. నువ్వు నా ఊళ్ళోకొచ్చి, నలుగురి ముందర నిలబడి, వాడు చేసే పని వద్దంటాండావు. వాడు వద్దా నీకు?"

"వాడు ఇంటికి రావాలనే కదే వద్దంటాండేది."

"ఎవురికి చెప్తాండావు? ఈ టమాటా లారీలకా?"

అట్ట మీద వేలితో రెండుసార్లు కొట్టింది. ఇవతల అది నా ముక్కుకు తగిలింది. తర్వాత ఆమె పక్కకు వంగి నన్ను చూసింది. "నువ్వూనా పాపా" అంది. ఆ ఒక్కసారి అట్ట సరిపోలేదు నాకు.

కొన్నాళ్లకు కొడుకు ఫోన్ వచ్చిందని, క్షేమంగా ఉన్నాడని కుప్పం మామ చెప్పాడు. పెద్దమ్మ ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న రవ్వంతా పోసి కేసరి చేసింది. ఎవరికి పెట్టాలో తెలియక మేమిద్దరమే తిన్నాం, గట్టిపడి కత్తితో కోయాల్సి వచ్చేదాకా. పుంగనూరు నుంచి పిలుపు రాలేదు. "అది పిలిస్తే పోతా" అంటుంది పెద్దమ్మ. "అది వస్తే కాదంటానా" అందట పుంగనూరత్త, మామతో. ఈ రెండు మాటల మధ్య మదనపల్లె నుంచి పుంగనూరుకు రోజంతా బస్సులు తిరుగుతూనే ఉన్నాయి.

మా ఆదివారాలు పలచబడ్డాయి. పుంగనూరు మానేశాం. కుప్పంలో మామ ఉత్సాహం కొద్దీ అట్ట మీద "వద్దు" కింద కన్నడంలో "బేడ", తమిళంలో "వేండాం" కూడా రాయించాడు. పూలమ్మే ఆవిడ చదివి, "మూడు బాసల్లో వద్దంటాండారే, పాపకి సంబంధాలు నచ్చలేదా?" అంది. దానికి జవాబు చెప్పే మనిషి మెట్ల మీద లేదు.

ద్రాక్షతోటకు కూడా ఇంకోసారి వెళ్లాం. ఆ కుర్రాయన గుర్తుపట్టి, "చింతకాయ ఆంటీ రాలేదా?" అన్నాడు. పెద్దమ్మ గ్లాసు తిప్పింది, వాసన చూసింది, "నాకేం తెలియలేదప్పా" అని కింద పెట్టేసింది. కానీ వచ్చేటప్పుడు ఒక సీసా కొంది. అది వంటింట్లో నూనె డబ్బా వెనక నిలబడి ఉండేది. ఒకరోజు తీద్దామా అని నేనడిగితే, "తీసేదానికి చెయ్యి రావడంలేదు పాపా. తీస్తే మీ అత్త ఇంగ రాదని ఒప్పుకున్నట్టే కదా" అంది. ఆమె ఆ మాట అన్న తీరుకు, నేను ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

చలికాలం వచ్చింది. అనపకాయలు వచ్చాయి. మా వైపు పితికిపప్పు తెలియని ఇల్లుండదు. అనపకాయలు ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజను బొటనవేలితో నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి, పప్పు చటుక్కున బయటికి దూకుతుంది. ఆ పప్పుతో చేసే కూర ఎంత బాగుంటుందో, ఆ పితకడం అంత విసుగు. ఒక్కరు చేసే పని కాదు. నలుగురు చుట్టూ కూర్చుని, ఊళ్లో వాళ్ల సంగతులన్నీ మాట్లాడుకుంటే తప్ప తెమలదు. ప్రతి ఏడూ అది పుంగనూరత్త ఇంట్లోనే జరిగేది.

ఆ ఆదివారం పొద్దున పెద్దమ్మ గిన్నె మీద మూత తీసి అట్లాగే నిలబడిపోయింది. అలవాటు కొద్దీ ఎప్పుడూ కొనేటన్ని కాయలు కొని, ఒలిచి, నానేసింది. గిన్నె నిండా గింజలు ఉబ్బి ఉన్నాయి.

"ఇద్దరమే పితికితే రేపటికీ కావు."

"ఫ్రిజ్‌లో పెడదామా?"

ఆమె నా వైపు చూసిన చూపుకు నేను ఫ్రిజ్‌ను కనిపెట్టినందుకు సిగ్గుపడ్డాను. కాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత గింజల్ని గుడ్డసంచిలోకి వంపి మూతి కట్టింది.

"పాపా, సెప్పులేసుకో. ఆ సీసా కూడా నీ బ్యాగులో పెట్టుకో."

"అట్ట?"

"అట్ట వద్దు."

సీసాను తువ్వాల్లో చుట్టి, ప్రూఫుల కట్టకూ నేను చదువుతున్న నవలకూ మధ్య ఇరికించాను. బస్సులో గింజల సంచి సీటు కింద కారడం మొదలుపెట్టింది. నీళ్లు సన్నగా కాలువ కట్టి కండక్టర్ బూట్ల దాకా వెళ్లాయి.

"ఏందమ్మా, చేపలా?"

"అనపగింజలప్పా."

"యాడికి?"

"పుంగనూరుకు."

"పుంగనూరులో అనపకాయలు దొరకవా?"

"కాయలు యాడైనా దొరుకుతాయి. పితికే మనిషి ఆడుండాది."

కండక్టర్ బూట్లు పక్కకు జరుపుకున్నాడు.

పుంగనూరత్త తలుపు తీసింది. పెద్దమ్మను చూసింది, నన్ను చూసింది. సంచి గడప ముందర ముగ్గులోకి కారుతోంది. ఆమె చివరికి సంచితో మాట్లాడింది. అంటే, సంచి వైపు చూస్తూ నాతో.

"పాపా, ఎప్పుడు నానేసినారు?"

"రాత్రి అత్తా."

"ఎండెక్కితే కంపు కొడతాయి. లోపలికి ఎత్తుకురా."

నేను సంచితో వెళ్లాను. పెద్దమ్మ సంచి వెనకాల వచ్చింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు, ఎవరూ పిలవకుండా రాలేదు. గింజలు మాత్రం వచ్చాయి.

వసారాలో చాప వేసి, మధ్యలో పెద్ద బేసిను పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. వాళ్లిద్దరి మోకాళ్లు దాదాపు తగులుతున్నాయి. అయినా మాటలు నా మీదుగానే పోవాలి.

"పాపా, మీ పెద్దమ్మనడుగు. బీపీ మాత్ర ఏసుకునిందా, లేకపోతే ఈడొచ్చి పడిపోతాదా అని."

"చెప్పు పాపా. మాత్ర ఏసుకున్నా, కానీ బీపీ తెప్పించేవాళ్ళకి మాత్ర ఇంకా కనిపెట్టలేదని."

"వేసుకుందంట అత్తా" అన్నాను.

"అంతేనా చెప్పింది?"

"అంతే."

ప్రూఫులు దిద్దేవాళ్లకు ఇది అలవాటైన పనే. వాక్యం అర్థం చెడకుండా అక్కర్లేని మాట కొట్టేయడం. నా జన్మలో నేను అంతసేపు మాట్లాడింది లేదు, అంత తక్కువ చెప్పిందీ లేదు.

"ఎండాకాలంనుంచి ఒక ఫోను లేదు. వేళ్ళు పడిపోయినాయా అని అడుగు."

"ఫోన్ చేయలేదేమని అడుగుతోంది పెద్దమ్మా."

"లైన్ ఖాళీగా పెట్టమనిందెవరో అడుగు."

దీన్ని ఎట్లా దిద్దాలో నాకు తోచలేదు. ఆలోచిస్తుండగా పెద్దమ్మ వేళ్ల మధ్య నుంచి ఒక పప్పు ఎగిరి, నేరుగా వెళ్లి పుంగనూరత్త కళ్లద్దాలకు టిక్కున తగిలింది. అందరం ఆగిపోయాం. ఆమె నెమ్మదిగా కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"పాపా, మీ పెద్దమ్మకి చెప్పు. యుద్ధం వద్దనేవాళ్ళు ముందు కాల్పులాపాలని."

పెద్దమ్మ పెదవులు బిగబట్టింది. నేను బేసిన్లోకి తల వంచుకున్నాను. నా భుజాలు ఊగడం ఇద్దరికీ కనబడే ఉంటుంది.

అప్పుడే గేటు చప్పుడైంది. పుంగనూరత్త కొడుకు. సెలవు మీద వచ్చాడని మాకు తెలియదు. నూనె డబ్బా కింద పెట్టి, మమ్మల్ని చూసి ముఖమంతా విప్పారి, కాళ్లు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుని, గింజలు తీసుకున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఆడా ఈడా కనబడ్డమే లేదు? అట్ట యాడ? ఈసారి తేలేదా?"

వాళ్లమ్మ అతనికి ఏమీ చెప్పలేదని అప్పుడు మాకర్థమైంది. ఆమె గింజల వైపే చూస్తోంది.

"నీకు కోపం లేదా నాయనా, ఆ అట్ట మీద?" అంది పెద్దమ్మ.

"నాకెందుకు కోపం? నేను రేషన్ బండి తోలేవాణ్ణి. కూరకు ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు మోస్తాండాను. ఉర్లగడ్డలకి శత్రువులు ఎవురుంటారు?"

నవ్వాడు. తర్వాత నాలుగైదు గింజలు పితికి, నవ్వు లేకుండా అన్నాడు.

"ఆ ఎండాకాలంలో మాత్రం ఫోన్ చేసేదానికి లేకపోయె. అమ్మ ఏం చేస్తాంటాదో అని ఒకటే అనుకుంటాంటి."

పుంగనూరత్త చేతులు ఆగిపోయాయి. పెద్దమ్మ బేసిన్ పట్టుకుని కొంచెం తన వైపు లాక్కుంది, ఆమె వాటా కూడా తనే పితకడానికి.

మధ్యాహ్నానికి కూర అయింది. రాగిసంగటి ముద్దలు, దాని మీద పితికిపప్పు పులుసు, పక్కన వేరుశనగల పచ్చడి ఊరిబిండి. పుంగనూరత్త గరిటె పట్టుకుని నిలబడి వడ్డిస్తోంది. పెద్దమ్మ ముద్ద సగం కూడా కాకముందే గరిటె వచ్చింది.

"వద్దు" అంది పెద్దమ్మ, నా వైపు చూస్తూ.

పులుసు పడింది.

"వద్దని చెప్పు పాపా."

నేను చెప్పేలోపల ఇంకో గరిటె పడింది.

"వద్దంటే వినవామే?"

ఈసారి నా వైపు చూడలేదు. పుంగనూరత్త కూడా నా వైపు చూడలేదు.

"నువ్వు వద్దంటే ఎవురు విన్నారు మే ఎప్పుడైనా? ఎండలో నిలబడి వద్దు వద్దంటివి. ఒక్కడన్నా విన్నాడా? మన ఊళ్ళల్లో వద్దంటే ఏందో తెలుసునా నీకు? మొగమాటపడతాండారు, ఇంగ రెండు గరిటెలు ఎయ్యమని."

"అయితే నేను యుద్ధం ఎయ్యమంటాండానా?"

"నువ్వేమన్నావో నాకేం తెలుసు. వాళ్ళకట్ల ఇనబడుంటాది."

కొడుకు నవ్వు ఆపుకుంటూ తింటున్నాడు. గరిటె అతని వైపు తిరిగింది. అతను తల ఎత్తకుండానే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు మా."

గరిటె గాల్లో ఆగింది. వేడి పులుసు, కింద కొడుకు చెయ్యి. ఆమె ఆ చేతి వైపు చూస్తూ, అవసరం కంటే ఎక్కువసేపే అట్లా నిలబడింది. తర్వాత గరిటె గిన్నెలో పెట్టి, పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది.

"నీ మాటలో ఏం తప్పుండాదో చెప్తా ఇను. వద్దనేది తినకముందర అనే మాట. గడప బయట నిలబడి అనే మాట. వాడు పొయ్యొచ్చినాడు మే. వాడి ముందర వద్దంటే, వాణ్ణే వద్దన్నట్టు ఇనబడె నాకు. తిన్నోడు వద్దనడు. చాలంటాడు. అది రాయించు. యుద్ధం చాలు."

పెద్దమ్మ సంగటి నమలడం ఆపి ఆలోచించింది. ఒప్పుకుంటుందేమో అనుకున్నాను.

"చాలంటే, ఇంతదాకా అయింది బాగుండాదన్నట్టు కదా?"

"ఉప్పు లేని కూడు తిన్నా చాలనే అంటాం. బాగుండాదని అంటామా?"

"నేనైతే ఉప్పు లేదనే చెప్తా."

"నువ్వు చెప్తావు, అందుకే నిన్నెవురూ పెండ్లి చేసుకోలేదు."

"నేను డ్యూటీలో ఉంటి."

"ఏం డ్యూటీ? మూడు షిఫ్టులూ నువ్వే చేస్తివా?"

నేను బ్యాగులోంచి సీసా తీసి మధ్యలో పెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు. ఆ రోజు మొత్తంలో నాకు నేనే నిర్ణయించుకుని చేసిన పని అదొక్కటే. దానికి బిరడా ఉంది, తీసే సాధనం ఆ ఇంట్లో ఎక్కడుంటుంది? కొడుకు అట్లకాడ పిడితో బిరడాను లోపలికే తోసేశాడు. స్టీలు గ్లాసుల్లో పోశాం. పుంగనూరత్త గ్లాసు తిప్పలేదు. ఒక గుక్క తాగి, నాలుక అంగిలికి ఆనించి కాసేపు ఉంచింది. పెద్దమ్మ ఆమె నోటినే చూస్తోంది.

"నేరేడుపండు" అంది. "ఇంగా మాగలేదు. కోతులు తిని పారేసింది."

పెద్దమ్మ అప్పుడు తన గ్లాసెత్తి తాగింది. "అవునే, నేరేడుపండే" అంది. ఆమెకు నిజంగానే ఆ రుచి తెలిసిందో, పుంగనూరత్త మాట నమ్మిందో నాకు తెలియదు. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

ఆ తర్వాత అది పెద్ద చర్చ అయింది. వద్దు అంటే ముందుచూపని పెద్దమ్మ, చాలు అంటే అనుభవమని పుంగనూరత్త. వద్దంటే తిరుగు జవాబు వస్తుందని ఒకరు, చాలంటే రేపు మళ్లీ వడ్డిస్తారని ఇంకొకరు. మధ్యలో నా వైపు తిరిగారు.

"నువ్వు సెప్పు పాపా, సదివినదానివి. ఏది కరెక్టు?"

"రెండిట్లోనూ అక్షరదోషం లేదు" అన్నాను.

"ఇదొక మొద్దు" అన్నారు ఇద్దరూ కలిసి. ఎండాకాలం తర్వాత వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అది.

"వచ్చే ఆదివారం ఈడ నిలబడతాం. వస్తావా?" అంది పెద్దమ్మ కాసేపాగి. ఆ అడగడంలో ఎంత భయముందో నాకు తెలుసు, ఎందుకంటే నేను ప్రతి మాటా అట్లాగే అడుగుతాను.

"చాలు అని రాయిస్తే వస్తా."

"రాయించను."

"అయినా వస్తా. మెట్ల మీద కూచుని నీ మాట తప్పని వచ్చేవాళ్ళకీ పొయ్యేవాళ్ళకీ చెప్తా."

"సెప్పు. క్యారియర్ తెచ్చుకుని సెప్పు."

నాకింక రాయబారి పని లేదు. ఇద్దరూ నేరుగా పోట్లాడుకుంటున్నారు, ఒకరి గ్లాసులో ఒకరు పోసుకుంటూ. నేను పితికిన తొక్కల గంప ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాను. అక్కడ వాళ్ల పొట్టి ఆవు కట్టేసి ఉంది. నా నడుము దాకా కూడా రాదు. గంప వాసన తగలగానే లేచి నిలబడింది. తొక్కలు రెండు దోసిళ్లు వేశానో లేదో, కిటికీలోంచి పుంగనూరత్త కేక వినబడింది.

"పాపా, అన్నీ ఒకేసారి ఎయ్యొద్దు. కడుపుబ్బుతాది."

వెంటనే ఆమె పక్కన పెద్దమ్మ తల కనబడింది. "ఎయ్యనీలేమే, పండగ దానికి. ఎయ్యి పాపా."

"నా ఆవు సంగతి నీకేం తెలుసు?"

"నర్సును నేను."

"మనుసులకు."

కిటికీ దగ్గర వాదన మళ్లీ మొదటి నుంచి మొదలైంది. వినేసరికి నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆవు మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగకుండా, మెడ చాచి గంపలోనే మూతి పెట్టేసింది.